బస్టాండు నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా: పాలమూరు పట్టణాల్లో ఉమ్మడి సైకిళ్లు నడపడం ఎలా

మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. నవాబుపేట నుంచో మిడ్జిల్ నుంచో జడ్చర్లకు పనికి వచ్చే ఒక మహిళను తీసుకుంటే, ఊరి నుంచి పట్టణం దాకా ఉన్న పెద్ద ప్రయాణం ఆమెకు ఉచితంగానే జరిగిపోతుంది. బస్సు దిగిన తరువాత ఫ్యాక్టరీ గేటు దాకా మిగిలే మూడు నాలుగు కిలోమీటర్లకే ఆమె చేతి డబ్బు పెట్టవలసి వస్తుంది. షేర్ ఆటోకు ఒక్కో వైపు 15 రూపాయలు అనుకుంటే, 26 పనిదినాలకు నెలకు 780 రూపాయలు అవుతుంది. పైగా సీట్లు నిండేదాకా ఆటో కదలదు. గేటు దగ్గర పావుగంట ఆలస్యమైతే సగం రోజు కూలి పోతుంది. ప్యాకింగ్ సెక్షన్‌లో కాంట్రాక్టు హెల్పరుగా చేరిన వారిలో కొందరు నెల తిరగకుండానే మానేయడానికి పని బరువుతో పాటు ఈ చిన్న దూరం కూడా కారణమవుతుంది.

ఆ చిన్న దూరానికి ఉమ్మడి సైకిళ్లను, అంటే ఒకే సైకిలును పలువురు వంతులవారీగా వాడుకునే పద్ధతిని, ఏర్పాటు చేయడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. యువజన సంఘం, మహిళా సమాఖ్య, పార్కింగ్ స్టాండు నడిపేవారు, పంక్చర్ షాపు యజమాని, ఫ్యాక్టరీలో పర్సనల్ విభాగం చూసేవారు, వీరిలో ఎవరైనా దీనిని మొదలుపెట్టవచ్చు. లెక్కలన్నీ జడ్చర్ల, మహబూబ్‌నగర్‌లను దృష్టిలో పెట్టుకొని వేశాను. చౌటుప్పల్ పరిశ్రమలకో, మిర్యాలగూడ రైసు మిల్లులకో, నల్లగొండ ఐటీ టవర్‌కో వాడదలచినవారు అంకెలు మార్చుకుంటే సరిపోతుంది.

సైకిల్ ఎంత దూరంలోని ఉద్యోగాన్ని దగ్గర చేస్తుంది

మనిషి గంటకు ఐదు కిలోమీటర్లు నడుస్తాడు. మామూలు సైకిల్ మీద, చెమట పట్టకుండా తొక్కినా, గంటకు పన్నెండు నుంచి పధ్నాలుగు కిలోమీటర్లు పోతాడు. బస్టాండులో దిగి పావుగంటలో పనికి చేరాలంటే నడిచేవారికి అందే దూరం కిలోమీటరుంపావు మాత్రమే. సైకిల్ మీద మూడున్నర కిలోమీటర్లు అందుతుంది. దీనిని బస్టాండు చుట్టూ గీసిన వలయంగా ఊహిస్తే, నడకకు అందే మేర సుమారు ఐదు చదరపు కిలోమీటర్లు, సైకిలుకు అందే మేర సుమారు ముప్పై ఎనిమిది చదరపు కిలోమీటర్లు. రోడ్లు తిన్నగా ఉండవు, మధ్యలో రైల్వే గేట్లు, చెరువులు అడ్డం వస్తాయి కాబట్టి నిజంగా అందేది ఇంతకన్నా తక్కువే. అయినా దూరం మూడింతలకు కాస్త తక్కువగా పెరిగినా విస్తీర్ణం ఏడెనిమిదింతలు అవుతుందన్న సంగతిని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే పని వెతుక్కునే మనిషికి అడగదగిన గేట్ల సంఖ్య కూడా దాదాపు అదే లెక్కన పెరుగుతుంది.

అయితే ఆ విస్తీర్ణంలో ఉద్యోగాలు అంతటా చల్లినట్టు ఉండవు. పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) మందుల కంపెనీలు ఒకే చోట గుమిగూడి ఉన్నాయి. మహబూబ్‌నగర్‌కూ జడ్చర్లకూ నడుమ దివిటిపల్లి దగ్గర ఐటీ టవర్, బ్యాటరీల పరిశ్రమ వచ్చాయి. పాలమూరు అంటే ముంబయి బస్సు, వలస బతుకు అని చెప్పుకొన్న రోజులు పూర్తిగా పోలేదు గాని, జిల్లా లోపలే వేతనం దొరికే చోట్లు మునుపటి కన్నా పెరిగిన మాట వాస్తవం. ఆ చోట్లు ఊరికి కొంత ఎడంగా, జాతీయ రహదారి వెంబడి ఉన్నాయి. అందువల్ల మన పట్టణాల్లో ఉమ్మడి సైకిళ్లను ఊరంతా పరచవలసిన పని లేదు. ఒక బస్టాండు, ఒక గేటు, ఒక షిఫ్టు సమయం, ఈ మూడింటినీ కలిపి కుట్టగలిగితే చాలు. పిల్లలమర్రి చూడవచ్చే పర్యాటకులను కూడా కలుపుకుందామన్న ఆలోచన మొదటి ఏడాదిలో పెట్టుకోవద్దు. ఆదివారం షికారుకూ సోమవారం తెల్లవారుజామున ఐదున్నర షిఫ్టుకూ ఒకే ఏర్పాటు పనికిరాదు.

ఏ పద్ధతిని ఎంచుకోవాలి

ఉమ్మడి సైకిల్ ఆలోచన 1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైంది. కొందరు యువకులు సైకిళ్లకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా వీధుల్లో వదిలారు. తాళం వేయని సైకిల్ చట్టవిరుద్ధమని పోలీసులు వాటిని పట్టుకుపోయారు. 1995లో కోపెన్‌హేగన్ నాణెం వేస్తే తాళం తెరుచుకునే సైకిళ్లను పెట్టింది. తీసుకున్నది ఎవరో తెలియదు కాబట్టి నాణెం పోయినా పరవాలేదనుకున్నవారు సైకిల్ వెనక్కి ఇవ్వలేదు. 2007లో పారిస్, 2008లో చైనాలోని హాంగ్‌ఝౌ కార్డులతో, వేల సైకిళ్లతో పెద్ద ఎత్తున మొదలుపెట్టాయి. పారిస్‌లో తొలి రెండేళ్లలోనే వేల సైకిళ్లు దొంగల పాలయ్యాయి. మన పొరుగున మైసూరులో 2017 జూన్‌లో దాదాపు 450 సైకిళ్లతో ట్రిన్ ట్రిన్ అనే పథకం మొదలైంది. ఆ రోజుల్లోనే చైనాలో స్టాండు అక్కరలేని, ఫోనుతో తెరిచే సైకిళ్లు లక్షల సంఖ్యలో వీధుల్లోకి వచ్చి, రెండు మూడేళ్లలో గుట్టలు గుట్టలుగా పాత ఇనుములోకి పోయాయి.

వీటిలో ఒక చోట తీసి మరో చోట వదిలే పద్ధతికి పెద్ద చిక్కు ఒకటి ఉంది. ఉదయం అందరూ ఒకే దిక్కుకు తొక్కుతారు, సాయంత్రం అందరూ ఎదురు దిక్కుకు తొక్కుతారు. నడుమ ఖాళీ అయిన స్టాండ్లకు సైకిళ్లను లారీలో మోసి చేర్చాలి. పారిస్ వంటి నగరమే ఆ మోత ఖర్చుకు ఆపసోపాలు పడింది. జడ్చర్లకు అది పొసగదు.

మనకు సరిపోయేది నెదర్లాండ్స్ రైల్వే స్టేషన్లలో 2003లో మొదలైన పద్ధతి. రైలు దిగినవాడు స్టేషన్‌లో సైకిల్ తీసుకుంటాడు, పని చోటికి పోతాడు, పని అయ్యాక అదే స్టేషన్‌లో తిరిగి ఇచ్చి రైలెక్కుతాడు. ఇరవై నాలుగు గంటల లోపు ఇస్తే ఒక రోజు అద్దె. సైకిళ్లను మోయవలసిన పని దాదాపు ఉండదు.

ఇది మనకు తెలియనిది కూడా కాదు. మా చిన్నతనంలో పట్టణంలోని ప్రతి పెద్ద కూడలి దగ్గరా కిరాయి సైకిళ్ల దుకాణం ఒకటి ఉండేది. కొన్నింటికి ‘సైకిల్ ట్యాక్సీ’ అని బోర్డు కూడా ఉండేది. కొత్త పిల్లవాడు వస్తే యజమాని ముందు “ఎవరి కొడుకువురా?” అని అడిగేవాడు. సమాధానం నచ్చితే, నూనె మరకలు పట్టిన పొడుగు నోటుబుక్కులో పేరు, సైకిల్ నంబరు రాసి, వెనక్కి తిరిగి గోడ గడియారం చూసి సమయం వేసేవాడు. ఆ మూడు పనుల్లోనే జామీను, ఖాతా, గడువు అన్నీ ఉన్నాయి. నాకు తెలిసినంతలో మన పట్టణాలకు కావలసింది ఆ నోటుబుక్కే తప్ప యాప్ కాదు. హైదరాబాద్‌లో ఒకసారి యాప్ సైకిల్ తీయబోయి, ముందుగా డబ్బు జమచేసి, తాళం మీద గుర్తును ఫోనుతో నాలుగుసార్లు చదివించినా అది తెరుచుకోక, చివరికి నడిచిపోయి గంట ఆలస్యంగా చేరాను. ఆ డబ్బు తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. నాకు పోయింది ఒక గంటే. హెల్పరుకైతే ఆ రోజు హాజరే పోయి ఉండేది.

నగదుకూ, స్మార్ట్‌ఫోను లేనివారికీ చోటు లేని పథకాల్లో ఎక్కువగా చేరేది ఇప్పటికే ఉద్యోగం బాగున్న యువకులేనని విదేశాల్లో చాలా నగరాలు గమనించాయి. ఫిలడెల్ఫియాలో 2015లో మొదలైన ఇండెగో సైకిళ్ల పథకం అందుకే బ్యాంకు కార్డు లేనివారు దగ్గరి దుకాణాల్లో నగదు కట్టే వీలు పెట్టింది. కాబట్టి నెల చందాను నగదుగా తీసుకోండి, రసీదు ఇవ్వండి. ఫోనుతో చెల్లించేవారు ఎలాగూ చెల్లిస్తారు.

సైకిల్ కొనే ముందు రెండు వారాల లెక్క

పనికి ఏ వాహనంపై పోతున్నారు, ఎంత దూరం పోతున్నారు అన్న ప్రశ్నలను 2011 జనగణన అడిగింది. అవి ఊరి మొత్తానికి పనికివచ్చే అంకెలు. మీ గేటుకు వచ్చే మనుషుల లెక్క మీరే తీయాలి. ఇద్దరు మనుషులు రెండు వారాల పాటు షిఫ్టు మారే వేళల్లో, అంటే ఉదయం ఐదుంపావు నుంచి ఆరున్నర దాకా, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా, రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర దాకా, ఒకరు బస్టాండులో, ఒకరు ఫ్యాక్టరీ గేటులో నిలబడాలి. ఏ బస్సు దిగారు, గేటు దాకా ఎలా వచ్చారు, ఎంత ఖర్చయింది, ఎంతసేపు పట్టింది అని అడగడం తేలికే. అసలు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: “చేరలేక వదులుకున్న పని ఏదైనా ఉందా?” దీనికి గేటు దగ్గర సమాధానం దొరకదు, ఎందుకంటే వదులుకున్నవారు గేటు దాకా రారు. అందుకే ఆ ప్రశ్నను బస్సులు వచ్చే ఊళ్లలో, మహిళా సంఘాల నెలవారీ సమావేశాల్లో, పొద్దున అడ్డా మీద నిలబడే కూలీల దగ్గర అడగాలి. అడ్డాలో ఎనిమిదిన్నర దాకా మేస్త్రీ రాకపోతే రెండో అడ్డాకు పోయి ప్రయత్నించే వీలు సైకిల్ ఉన్నవారికే ఉంటుంది.

ఈ లెక్కలో గమనించవలసిన చిన్న సంగతి ఒకటుంది. పెద్ద కంపెనీలు పర్మినెంటు ఉద్యోగులకు సొంత బస్సులు నడుపుతాయి. కాంట్రాక్టరు కింద పనిచేసేవారికి చాలా చోట్ల ఆ బస్సులో సీటు ఉండదు. మీ సైకిల్ ఎక్కేది రెండో వర్గమే. వారి పేర్లు కంపెనీ జాబితాలో కాక కాంట్రాక్టరు జాబితాలో ఉంటాయి కాబట్టి అనుమతి మాట్లాడేటప్పుడు ఇద్దరితోనూ మాట్లాడాలి.

ఎన్ని సైకిళ్లు కావాలి

ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు. షిఫ్టుకు ఇరవై మంది చొప్పున మూడు షిఫ్టులకు అరవై మంది పేర్లు ఇచ్చారనుకుందాం. ఇరవై సైకిళ్లు కొంటే మూడు షిఫ్టులకూ అవే తిరుగుతాయని ఒకరు, మనిషికొకటి చొప్పున అరవై కావాలని మరొకరు అంటారు. రెండూ సరికావు.

మూడు షిఫ్టులను వరుసగా ‘ఏ’ (A), బీ (B), సీ (C) అందాం. ‘ఏ’ షిఫ్టు వారు ఉదయం 5:30కి బస్టాండులో సైకిల్ తీసి, రెండు గంటలకు పని ముగించుకొని, 2:20కి తిరిగి ఇస్తారు. బీ షిఫ్టు వారికి మధ్యాహ్నం 1:30కే సైకిల్ కావాలి. ఆ సమయానికి ‘ఏ’ షిఫ్టు సైకిళ్లు ఇంకా ఫ్యాక్టరీ షెడ్డులోనే ఉంటాయి. అందువల్ల ఒక షిఫ్టు సైకిల్ ఆ వెంటనే వచ్చే షిఫ్టుకు అందదు, దాని తరువాతి షిఫ్టుకు అందుతుంది. ఇరవై సైకిళ్ల మడ్‌గార్డుకు ఎర్రపట్టీ, మరో ఇరవైకి తెల్లపట్టీ వేయించండి. సోమవారం ‘ఏ’ షిఫ్టుకు ఎర్రపట్టీ, బీ షిఫ్టుకు తెల్లపట్టీ, సీ షిఫ్టుకు మళ్లీ ఎర్రపట్టీ ఇవ్వాలి. సీ షిఫ్టు సైకిళ్లు మంగళవారం ఉదయం 6:20కి గాని తిరిగి రావు కాబట్టి మంగళవారం ‘ఏ’ షిఫ్టుకు తెల్లపట్టీ, బీ షిఫ్టుకు ఎర్రపట్టీ, సీ షిఫ్టుకు తెల్లపట్టీ పోతాయి. బుధవారం మళ్లీ సోమవారం వరుస. ఇలా ప్రతి సైకిల్ రెండు రోజుల్లో మూడు షిఫ్టులు మోస్తుంది. అరవై మందికి నలభై సైకిళ్లు సరిపోతాయి. మరమ్మతులో ఉండేవాటి కోసం పదింటికి ఒకటి చొప్పున నాలుగు కలిపితే నలభై నాలుగు. పనివారు వారం వారం షిఫ్టు మారినా సంఖ్యలు మారవు గనుక వరుస చెదరదు.

ఈ వరుసలో మరో మేలు ఉంది. సీ షిఫ్టు నుంచి వచ్చిన సైకిల్ ఉదయం 6:20 నుంచి మధ్యాహ్నం 1:30 దాకా ఖాళీగా ఉంటుంది. పంక్చర్లు, బ్రేకులు చూడవలసింది ఆ ఏడు గంటల్లోనే. ‘ఏ’ షిఫ్టు నుంచి వచ్చినది మధ్యాహ్నం 2:20 నుంచి రాత్రి 9:30 దాకా ఖాళీ. దానిని ట్యూషన్లకు పోయే విద్యార్థులకూ బజారుకు పోయేవారికీ గంట లెక్కన కిరాయికి ఇవ్వవచ్చు. ఎనిమిదిన్నరకల్లా తిరిగి ఇవ్వాలన్న నిబంధన మాత్రం కచ్చితంగా ఉండాలి.

తొమ్మిది నుంచి ఐదున్నర దాకా పనిచేసే జనరల్ షిఫ్టు వారికి ఉమ్మడి సైకిల్ వల్ల లాభం తక్కువ. సైకిల్ పగలంతా ఒకే మనిషి దగ్గర ఉంటుంది, రాత్రి ఊరికే పడి ఉంటుంది. వారికి సొంత సైకిల్ కొనిపించి, రాత్రిపూట బస్టాండు స్టాండులో పెట్టుకునేందుకు నెల పాసు ఇప్పించడమే మంచిది.

ఎలాంటి సైకిల్, ఎలా కాపాడాలి

గేర్లు, షాకర్లు ఉన్న ఫ్యాన్సీ సైకిళ్ల జోలికి పోవద్దు. అడ్డకడ్డీ లేని లేడీస్ ఫ్రేము సైకిళ్లనే అందరికీ కొనండి. మగవారు వాటిని తొక్కగలరు, చీర కట్టుకున్నవారు అడ్డకడ్డీ సైకిల్ ఎక్కడం కష్టం. గొలుసుకు పూర్తి కవరు, వెనుక చక్రానికి చున్నీ, చీర చెంగు చిక్కుకోకుండా జాలీ, టిఫిన్ డబ్బాకు ముందు బుట్ట, డబుల్ స్టాండు ఉండాలి. సీటు ఎత్తు స్పానరు లేకుండా మార్చుకునే పిడి పెట్టించవచ్చు గాని, సీటు కడ్డీ పూర్తిగా ఊడిరాకుండా కింద చిన్న వెల్డింగు చుక్క వేయించాలి. లేకపోతే మొదట పోయేది సీటే. నలభై నాలుగింటికీ ఊళ్లో మరే సైకిలుకూ లేని ఒకే రంగు వేయించి, ముందు వెనుక మడ్‌గార్డుల మీద పెద్ద అంకెలు రాయిస్తే దొంగిలించినవాడు అమ్ముకోవడం కష్టమవుతుంది. వెనుక, పక్కల రేడియం స్టిక్కర్లు అంటించడం మరచిపోవద్దు. ఎలక్ట్రిక్ సైకిళ్లు కావాలనుకుంటే, మోటారు శక్తి 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటని రకానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేదు. అయితే ఛార్జింగుకు పట్టే సమయం పైన చెప్పిన షిఫ్టు వరుసను చెడగొడుతుంది కాబట్టి మొదట మామూలు సైకిళ్లతోనే నడపండి.

మన దారుల్లో ప్రధాన శత్రువులు పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు. ప్రతి విరామంలోనూ గాలి చూడటానికి బటనవేలితో టైరు నొక్కి చూస్తే చాలదు. అనుభవం ఉన్న పంక్చర్ షాపు వ్యక్తి ఏం చేస్తాడో గమనించండి: వాల్వు మూత తీసి, వేలు తడి చేసి వాల్వు కొన మీద పెడతాడు, బుడగ లేచిందా లేదా అని రెండు క్షణాలు చూస్తాడు. బుడగ వస్తే పంక్చర్ కాదు, వాల్‌ట్యూబు పోయింది. కొన్ని రూపాయల రబ్బరు ముక్క మారిస్తే సరి. ఈ ఒక్క పరీక్ష తెలియకపోతే అనవసరంగా ట్యూబులు విప్పుతూ సగం ఉదయం గడిచిపోతుంది. వారానికొకసారి బ్రేకు కట్టలు, పెడళ్లు, గొలుసు బిగువు చూడాలి. నెలకొకసారి రిమ్ముల వంకర తీయించాలి.

డబ్బు లెక్క

సైకిల్ ధర, తగిలించే సామగ్రితో కలిపి, 7,000 రూపాయలు అనుకుంటే 44 సైకిళ్లకు 3,08,000 రూపాయలు. నాలుగేళ్లు నడుస్తాయనుకుంటే నెలకు దాదాపు 6,400 రూపాయలు పడుతుంది. ఒక్కో సైకిలుకు నెలకు 100 రూపాయల మరమ్మతు చొప్పున 4,400. ఇంతవరకు బాగానే ఉంది. సైకిళ్లు ఇచ్చి పుచ్చుకోవడానికి ఇద్దరిని తలా 12,000 రూపాయల జీతానికి పెడితే నెల ఖర్చు 34,800కు చేరి, అరవై మందిలో ఒక్కొక్కరికి 580 రూపాయలు పడుతుంది. ఆటోకు అయ్యే 780తో పోలిస్తే ఇది పెద్ద పొదుపు కాదు. వానాకాలం రాగానే సగం మంది మానేస్తారు.

కాబట్టి జీతం మీద మనిషిని పెట్టకండి. బస్టాండు పార్కింగ్ స్టాండులో రాత్రింబగళ్లు ఎవరో ఒకరు ఇప్పటికే కూర్చొని ఉంటారు. ఆ కాంట్రాక్టరుకు నెలకు 8,000 రూపాయల వాటా ఇచ్చి, పంక్చర్ షాపుతో విడిగా మరమ్మతు ఒప్పందం చేసుకుంటే మొత్తం 18,800 రూపాయలు; మనిషికి 313. చందా ఎగ్గొట్టేవారు కొందరు ఉంటారు కాబట్టి 340 పెట్టండి. సైకిళ్లు కొనే డబ్బులో కొంత ఫ్యాక్టరీ సామాజిక బాధ్యత నిధి నుంచి వస్తే చందా ఇంకా తగ్గుతుంది గాని, నెలవారీ ఖర్చుకు దాతల మీద ఆధారపడకూడదు. స్టాండులో చోటు కోసం ఆర్టీసీ డిపో మేనేజరుకూ, రైల్వే స్టేషన్ అయితే డివిజన్ వాణిజ్య విభాగానికీ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి. స్టాండు కాంట్రాక్టు మారినప్పుడు కొత్తవారికీ ఈ ఏర్పాటు వర్తించేలా ఒప్పందంలో ముందే రాయించుకోవాలి.

సభ్యుల దగ్గర అసలు ఆధార్ కార్డు తాకట్టు పెట్టుకోవడం మంచిది కాదు. గేటు పాసు నంబరు, ఊరు, ఇప్పటికే సభ్యులుగా ఉన్న ఒకరి జామీను చాలు. పాత దుకాణదారు అడిగిన “ఎవరి కొడుకువు” అన్న ప్రశ్నే ఇది.

సైకిల్ రానివారు

నలభై ఏళ్లు దాటిన మహిళల్లో చాలామందికి సైకిల్ రాదు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలి సంవత్సరాల్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు సైకిల్ నేర్పించే పని పెట్టుకుంటే వేల సంఖ్యలో గ్రామీణ మహిళలు నేర్చుకున్నారు. క్వారీల్లో పనిచేసే కూలీలు కూడా వారిలో ఉన్నారు. కాబట్టి వయసు అడ్డంకి అనుకోనక్కరలేదు. నేర్పే పద్ధతి సులువే. పెడళ్లు రెండూ విప్పేసి, పాదాలు పూర్తిగా నేలకు ఆనేంత కిందికి సీటు దించి, కొంచెం వాలుగా ఉన్న బడి మైదానంలో కాళ్లతో నెట్టుకుంటూ పోనివ్వాలి. వెనుక నుంచి క్యారియరు పట్టుకోవద్దు. పట్టుకున్నంతసేపు మనిషికి తన బరువు తనకు తెలియదు. రెండు మూడు సాయంత్రాల్లో బ్యాలెన్సు వస్తుంది, ఆ తరువాతే పెడళ్లు బిగించాలి. మగపిల్లల గుంపు చేరని వేళ, చేరని చోటు చూడటం ఆ బడి పంతులమ్మకు తెలిసిన సంగతే. ఆ బాధ్యత ఆమెకే అప్పగించండి.

దారి, ఎండ, ఆటోలు

జాతీయ రహదారి మీద సైకిళ్లను నడపనివ్వకూడదు. బస్టాండు నుంచి గేటు దాకా సర్వీసు రోడ్డు, ఊరి లోపలి దారులు, అండర్‌పాసులు కలిపి ఒక మార్గం గీసి, దానిని రాత్రి పదిన్నరకు మీరే ఒకసారి తొక్కి చూడండి. లైటు లేని చోట్లు, కుక్కలు వెంటపడే మలుపులు, మ్యాన్‌హోల్ మూత పోయిన చోట్లు పగటి పూట కనిపించవు. వాటి జాబితాను మున్సిపల్ అధికారులకు ఇవ్వండి; కనీసం దీపాలైనా వేయించుకోవచ్చు. సీ షిఫ్టుకు పోయే మహిళలు ముగ్గురు నలుగురు కలిసే బయలుదేరేలా బస్సు వేళలతో సరిచూసుకోవాలి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బీ షిఫ్టు మనిషిని సైకిల్ తొక్కమనడం తగదు. ఏప్రిల్ నెలాఖరు నుంచి తొలకరి దాకా బీ షిఫ్టు వెళ్లే ప్రయాణానికి ఆటో మాట్లాడి, రాత్రి పది తరువాత తిరుగు ప్రయాణానికి మాత్రమే సైకిల్ ఇవ్వవలసి వస్తుంది. అప్పుడు సైకిళ్లు ముందుగా ఫ్యాక్టరీ వైపు చేరి ఉండాలి కాబట్టి, ఆ నెలల్లో ‘ఏ’ షిఫ్టు వారు సైకిళ్లను షెడ్డులోనే వదిలి అదే ఆటోల్లో తిరిగి రావాలి. ఆటో రెండు వైపులా నిండుగా నడుస్తుంది, డ్రైవరుకు గిట్టుబాటవుతుంది. మహాలక్ష్మి వచ్చాక గిరాకీ పడిపోయిందని ఆటోవారు ఆందోళనలు చేసిన సంగతి తెలిసిందే. సైకిళ్లు కూడా తమ పొట్ట కొడతాయని వారికి అనిపించక ముందే యూనియన్‌తో కూర్చొని ఈ వేసవి ఒప్పందం, వానరోజుల ఒప్పందం చేసుకోవాలి.

మూడు నెలల తరువాత చూడవలసినవి

ఎన్నిసార్లు సైకిళ్లు తీశారన్న అంకెతో తృప్తిపడవద్దు. లండన్, వాషింగ్టన్ వంటి చోట్ల అద్దె సైకిల్ ఎక్కినవారిలో ఎక్కువమంది కారు మానేసినవారు కాదు, నడక, బస్సు మానేసినవారే. వారి లెక్కలో అది లోపం. మన లెక్కలో నలభై ఐదు నిమిషాల నడక మానేసిన మనిషికి అది నేరుగా లాభం. కాబట్టి రిజిస్టరులో పేరు, సైకిల్ నంబరు, తీసిన వేళ, ఇచ్చిన వేళలతో పాటు మరో మూడు గడులు గీయండి. అంతకు ముందు ఎలా వచ్చేవారు, ఈ నెలలో గేటు దగ్గర ఎన్ని రోజులు ఆలస్యం పడింది, పని చోటు మారితే ఎక్కడి నుంచి ఎక్కడికి మారారు. మూడో గడిని నింపడం స్టాండులో కూర్చున్న మనిషి వల్ల కాదు. నెల చందా తీసుకునేటప్పుడు సమాఖ్య ప్రతినిధి అడిగి రాయాలి. ఆరు నెలల తరువాత ఆ గడిలో కొత్త గేట్ల పేర్లు కనిపిస్తే, రెండో మార్గం ఎటు గీయాలో ఆ పేర్లను బట్టే తేల్చుకోవచ్చు. గడి ఖాళీగానే ఉండి, ఆలస్యాలు కూడా తగ్గకపోతే, ఎర్రపట్టీ సైకిళ్లు ఇరవైని మాత్రమే అక్కడ ఉంచి, తెల్లపట్టీవి దివిటిపల్లి వైపో మరో గేటుకో మార్చి, రెండు వారాల లెక్కను మళ్లీ మొదటి నుంచి తీయండి.